ముందు పని, తర్వాత దారి

ముందుగా ఒక ఉత్తరం సంగతి చెబుతాను. మా ఊరిని తెలుగులో డెంకణికోట అంటాం. తమిళంలో తేన్‌కనిక్కోట్టై అని రాస్తారు. ఇంగ్లీషులో ఒకరు డి అక్షరంతో మొదలుపెడతారు, ఇంకొకరు టి అక్షరంతో మొదలుపెడతారు. ఎవరెట్లా రాసినా మా ఇంటికి ఉత్తరం వచ్చి చేరుతుంది. చిత్తూరు నుంచి చుట్టాలు అచ్చ తెలుగులో చిరునామా రాసి పంపినా చేరుతుంది. అడ్రసు కింద ఉండే ఆరు అంకెల చలవ అది. 635107. 1972 ఆగస్టు 15న మన తపాలా శాఖ ఈ పిన్‌కోడు పద్ధతి మొదలుపెట్టింది. మొదటి అంకె 6 అయితే ఉత్తరం తమిళనాడు, కేరళ వైపు రావాలి. హోసూరు దాటి, సరిహద్దు అవతల కర్ణాటకలోని అత్తిబెలెలో దిగితే ఆ మొదటి అంకె 5 అవుతుంది. ఉత్తరాలు వేరుచేసే మనిషికి తెలుగు రాకపోయినా పరవాలేదు. తమిళం రాకపోయినా పరవాలేదు. ఆరు అంకెల ఒప్పందం తెలిస్తే చాలు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది కూడా ఇలాంటి ఒప్పందాలతోనే. ఈ రోజు ఆ ఒప్పందాల గురించి మాట్లాడుకుందాం.

నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాను. ఇల్లు డెంకణికోటలో, పని హోసూరులో. పొద్దున బస్సులో నా చుట్టూ కూర్చునేవాళ్లలో చాలామంది ఏదో ఒక ఫ్యాక్టరీకి పోయేవాళ్లే. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ లాంటి పెద్ద పేర్లు మీకు తెలుసు. పెద్ద ఫ్యాక్టరీలకి చిన్న చిన్న విడిభాగాలు చేసిచ్చే యూనిట్లు సిప్‌కాట్ పారిశ్రామికవాడ లోపలా బయటా ఎన్నో ఉన్నాయి. ఇరవై మంది పనిచేసే షెడ్డులో కూడా ఇప్పుడు కంప్యూటర్ ఉంది. జీతాల లెక్కకి ఒక ప్రోగ్రాం. స్టాకుకి ఒకటి. సరుకు పంపేటప్పుడు బిల్లు, డెలివరీ చలాను కొట్టడానికి ఇంకొకటి.

ఈ ప్రోగ్రాములకి అవతల రెండు సర్వర్లు ఉంటాయి. ఒకటి మెయిల్ సర్వర్. అది మన పోస్టాఫీసు అనుకోండి. రెండోది డైరెక్టరీ సర్వర్. అది ఎవరు ఎవరో చెప్పే పెద్ద రిజిస్టరు. ఫలానా మనిషి పేరేంటి, ఏ విభాగం, మెయిల్ అడ్రసేంటి, లోపలికి రానివ్వాలా వద్దా, ఇవన్నీ అందులో ఉంటాయి. జీతాల ప్రోగ్రాం, చలాను ప్రోగ్రాం ఈ రెండు సర్వర్లతో మాట్లాడాలి. మాట్లాడాలంటే దారి కావాలి. ఆ దారినే ఇంటర్‌ఫేస్ అంటాం. ఏపీఐ అని కూడా అంటాం. దారులు చాలా ఉన్నాయి. ఏ దారి పట్టాలి? నా ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే.

జవాబు ముందే చెప్పేస్తాను. ముందు పని తేల్చుకోండి, తర్వాత దారి ఎంచుకోండి. ఇంకోసారి చెబుతాను. ముందు పని, తర్వాత దారి.

నేను ఈ మాట దెబ్బ తిని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక చిన్న యూనిట్‌కి చలాను ప్రోగ్రాం రాశాను. సరుకు లారీకి ఎక్కగానే, చలాను కాపీ మెయిల్‌లో కొనేవాళ్లకి పోవాలి. లారీ చేరేలోపు ఆ మెయిల్ అక్కడ ఉండాలి. లేకపోతే గేటు దగ్గర లోపలికి వదలరు. నేనేం చేశానంటే, ఆఫీసు కంప్యూటర్లో మనుషులు కూర్చుని వాడుకునే మెయిల్ ప్రోగ్రాం ఒకటుంది, దాన్నే నా ప్రోగ్రాం చేత నడిపించాను. దానికి సొంత ఇంటర్‌ఫేస్ ఉంది. మెయిల్ పంపొచ్చు, చదవొచ్చు, క్యాలెండర్ చూడొచ్చు, అడ్రసు పుస్తకం తెరవొచ్చు. అన్నీ ఒకే చోట ఉన్నాయని సంబరపడ్డాను. పగలు బాగానే నడిచింది.

ఒక రాత్రి రెండు గంటలకి సరుకు ఎక్కింది. నా ప్రోగ్రాం మెయిల్ పంపబోయింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. "వేరే ప్రోగ్రాం ఏదో మీ పేరుతో మెయిల్ పంపాలని చూస్తోంది. ఒప్పుకుంటారా?" ఒప్పుకోవడానికి ఆ కుర్చీలో మనిషి లేడు. ప్రశ్న అట్లాగే తెర మీద నిలబడింది. దాని వెనక మెయిళ్లన్నీ వరసగా ఆగిపోయాయి. తెల్లవారి లారీ డ్రైవరు అవతలి గేటు ముందు నిలబడి ఫోన్ చేస్తే గానీ మాకు తెలియలేదు.

ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. 2000 మే నెలలో ఐ లవ్ యూ అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. అది మెయిల్ ప్రోగ్రాం లోపల దూరి, అడ్రసు పుస్తకంలో ఉన్నవాళ్లందరికీ తనంతట తానే ఉత్తరాలు పంపుకుంది. ఆ దెబ్బ తర్వాతే మెయిల్ ప్రోగ్రాములకి ఇట్లా అడిగి చూసే కాపలా పెట్టారు. కుర్చీలో మనిషి ఉంటాడన్న నమ్మకంతో కట్టిన తలుపు అది. అర్ధరాత్రి మనిషి లేని పనికి ఆ తలుపు దగ్గరికి పోవడం నా తప్పు. నాకు కావలసిన పని ఒక్కటే, మెయిల్ పంపడం. చదవడం అక్కర్లేదు. క్యాలెండర్ అక్కర్లేదు. పని తేల్చుకోకుండా దారి పట్టాను.

సరే, దారులు ఏమేమి ఉన్నాయో చూద్దాం. మన ఊళ్ల మధ్య తిరిగే దారులతోనే చెబుతాను.

డెంకణికోట నుంచి హోసూరుకి రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద గవర్నమెంటు బస్సు పోతుంది. టమాటా లారీ పోతుంది. మీ మోటారు సైకిలూ పోతుంది. రోడ్డు ఎవరి సొంతమూ కాదు. హోసూరు నుంచి బెంగళూరుకి రైలు పట్టాలు ఉన్నాయి. పట్టాల మీద బరువు బాగా పోతుంది. వేగంగా పోతుంది. కానీ మీ బండిని పట్టాల మీదికి ఎక్కించలేరు. టైము వాళ్లది, స్టేషను వాళ్లది. వాళ్లు ఒక స్టేషను ఎత్తేస్తే మీరు చేసేదేం లేదు.

మెయిల్‌కీ డైరెక్టరీకీ కూడా రోడ్లు ఉన్నాయి, పట్టాలు ఉన్నాయి. అందరూ కలిసి ఒప్పుకుని, బహిరంగంగా రాసిపెట్టుకున్న పద్ధతులు రోడ్లు. ఒక కంపెనీ తన సర్వర్ కోసం తాను కట్టుకున్న ఇంటర్‌ఫేసులు పట్టాలు. రెండూ కావాలి. పట్టాలు చెడ్డవని నేను అనను. రోడ్డు మీద జరిగే పనికి పట్టాలు ఎక్కొద్దు అంటాను.

మెయిల్ పంపే రోడ్డు పేరు ఎస్ఎంటీపీ. 1982లో జోనథన్ పోస్టెల్ అనే ఆయన దాని నియమాలు రాసిపెట్టారు. నలభై ఏళ్లు దాటింది. ఈ రోజుకీ ప్రపంచంలో మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి పోయేది ఆ రోడ్డు మీదే. మీ ప్రోగ్రాం మెయిల్ అప్పజెప్పాలంటే సాధారణంగా 587 అనే నంబరు తలుపు తట్టాలి. జావాలో రాసినా, పైథాన్‌లో రాసినా, ఇంకే భాషలో రాసినా ఈ రోడ్డు మీద నడిచే బండి సిద్ధంగా దొరుకుతుంది. ఇక్కడ రోడ్డు వేరు, బండి వేరు అని గుర్తుంచుకోండి. భాషను బట్టి బండి మారుతుంది. రోడ్డు మారదు.

ఈ రోడ్డులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. దాని గురించి కొంచెం నిలబడి చెబుతాను. మీరు మెయిల్ అప్పజెప్పగానే సర్వర్ మూడంకెల జవాబు ఇస్తుంది. ఆ జవాబులో మొదటి అంకె చూస్తే చాలు. 2 వస్తే తీసుకున్నాను అని. 4 వస్తే ఇప్పుడు కుదరదు, మళ్లీ రా అని. 5 వస్తే ఇది జరగదు, ఇక తేవద్దు అని. పోస్టుమ్యాన్‌ని తలుచుకోండి. ఇంటికి తాళం వేసి ఉంటే ఉత్తరం వెనక్కి తీసుకుపోయి మర్నాడు మళ్లీ తెస్తాడు. ఆ పేరు గల మనిషే ఆ వీధిలో లేకపోతే, మళ్లీ మళ్లీ తిరగడు. పంపినవాళ్లకి తిప్పి పంపేస్తాడు. మన పల్లెల్లో ఒకప్పుడు తలుపుల మీద "రేపు రా" అని రాసేవాళ్లు. 4తో మొదలయ్యే జవాబు అంటే ఆ రాతే అనుకోండి.

చాలా ప్రోగ్రాములు ఈ తేడా చూడవు. 4 వచ్చినా 5 వచ్చినా "పోలేదు" అని ఒకటే మాట రాసి ఊరుకుంటాయి. అవతలి సర్వర్ పది నిమిషాలు పనిలో మునిగిపోయి ఉంటే ఆ చలాను ఇక పోనే పోదు. నా ప్రోగ్రాంని తిరగరాసినప్పుడు నేను చేసిన పని ఇది. మెయిల్‌ని ముందు ఒక వరసలో పెడుతుంది. 2 వస్తే వరసలోంచి తీసేస్తుంది. 4 వస్తే కాసేపాగి మళ్లీ తలుపు తడుతుంది. 5 వస్తే ఆఫీసులో ఒక మనిషికి కబురు చెబుతుంది. అడ్రసు తప్పుందేమో ఆ మనిషి చూస్తాడు. రోడ్డు ఎంచుకోవడంతో పని అయిపోదు. రోడ్డు మీద గుర్తులు చదవాలి.

మెయిల్ చదివే పని సంగతి వేరు. కొన్ని యూనిట్లకి ఆర్డర్లు మెయిల్‌లో వస్తాయి. ప్రోగ్రాం ఆ పెట్టె తెరిచి, ఆర్డరు తీసి, స్టాకులో రాసుకోవాలి. దీనికి రోడ్డు ఐమ్యాప్. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ మొదలుపెట్టిన పద్ధతి. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. ఏది చదివాం, ఏది చదవలేదు అన్న గుర్తూ అక్కడే ఉంటుంది. ఆర్డర్లు తీసే పనికి ఇది సరిపోతుంది.

కానీ మీ పని క్యాలెండర్‌తో అయితే? మీటింగు గది ఖాళీ ఉందా చూడాలి, ఫలానా మేనేజరుకి పది గంటలకి సమయం పెట్టాలి. ఐమ్యాప్‌కి ఆ పని చేతకాదు. అప్పుడు చాలాచోట్ల పట్టాలు ఎక్కాలి. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్ వాడేవాళ్లకి ఆ పట్టాలు కాలం కాలానికి మారుతూ వచ్చాయి. మొదట్లో మాపి. 2007 ఎక్స్ఛేంజ్‌తో ఎక్స్ఛేంజ్ వెబ్ సర్వీసెస్ వచ్చింది. దాన్ని ఈడబ్ల్యూఎస్ అంటారు. రిజర్వేషన్లలో వినే ఈడబ్ల్యూఎస్ వేరు, ఇది వేరు. 2015లో గ్రాఫ్ వచ్చింది. ఇప్పుడు కొత్త పని ఏదైనా గ్రాఫ్ మీద చేయమంటున్నారు. క్లౌడ్‌లో ఉన్న ఎక్స్ఛేంజ్‌కి ఈడబ్ల్యూఎస్ దారి 2026 అక్టోబరు నుంచి మూసేస్తామని 2023లోనే ప్రకటించారు. సొంత ఆఫీసులో పెట్టుకున్న సర్వర్‌కి ఆ ప్రకటన వర్తించదు. అందుకే మీ సర్వర్ ఎక్కడుందో ముందు తెలుసుకోండి. క్లౌడ్‌లోనా, మీ గదిలోనా? చాలామంది యజమానులకి ఈ సంగతి తెలియదు. అడిగితే "మెయిల్ వస్తోంది కదా" అంటారు.

ఇప్పుడు తాళాల సంగతి. ప్రోగ్రాం మెయిల్ పెట్టె తెరవాలంటే ఏదో ఒక తాళం చెవి ఇవ్వాలి. పాత పద్ధతిలో యజమాని పాస్‌వర్డే ప్రోగ్రాంలో రాసిపెట్టేవాళ్లం. అంటే ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇచ్చేసినట్టు. ఇప్పుడున్న పద్ధతి బస్ పాసు లాంటిది. మా ఊరి పిల్లలు హోసూరుకి కాలేజీకి పోతారు. వాళ్ల పాసు మీద ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి అని ఉంటుంది. ఫలానా తేదీ వరకు అని ఉంటుంది. ఆ పాసుతో సేలం పోలేరు. పాసు పోతే ఆ పాసు ఒక్కటి రద్దు చేయిస్తారు, ఇంటి తాళం మార్చరు. కంప్యూటర్లో ఈ పాసు పద్ధతి పేరు ఓఆత్. దాని రెండో రూపం 2012లో వచ్చింది. 2022లో గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండూ పాత పాస్‌వర్డ్ పద్ధతిని చాలావరకు ఆపేశాయి. ఆ సంవత్సరం ఉన్నట్టుండి ఆర్డర్ల మెయిల్ చదవడం ఆగిపోయిన ప్రోగ్రాములు మా పక్క ఎన్నో చూశాను. మీరు ఏ దారి ఎంచుకున్నా, పాసు పద్ధతి అందులో ఉందా లేదా చూసుకోండి.

ఇక డైరెక్టరీకి వద్దాం. నిజం చెప్పాలంటే నా మనసు ఈ భాగం మీదే ఎక్కువ ఉంది. మెయిల్ ఒక రోజు ఆగితే మర్నాడు పోతుంది. డైరెక్టరీలో తప్పు జరిగితే ఒక మనిషికి జీతం రాదు. లేదా మానేసిపోయిన మనిషి ఇంకా లోపలికి వస్తూనే ఉంటాడు.

డైరెక్టరీని ఓటర్ల జాబితాతో పోల్చుకోండి. దాన్ని చదివేది వందల సార్లు. మార్చేది ఎప్పుడో ఒకసారి. అందుకే డైరెక్టరీలో రోజువారీ హాజరు, సరుకు లెక్క లాంటివి రాయొద్దు. అది వేరే పుస్తకం. ఎవరు ఎవరో అన్నది మాత్రం డైరెక్టరీలో, ఒకే చోట.

డైరెక్టరీకి రోడ్డు ఎల్‌డాప్. 1988లో ఎక్స్ 500 అనే పెద్ద అంతర్జాతీయ పద్ధతి వచ్చింది. అది మామూలు కంప్యూటర్లు మోయలేనంత బరువు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హౌస్, ఆయన తోటివాళ్లు దాన్ని తేలిక చేశారు. 1993లో ఎల్‌డాప్ నియమాలు బయటికి వచ్చాయి. ఆ పేరులోనే తేలిక అన్న మాట ఉంది. 1997లో మూడో రూపం వచ్చింది. అప్పటి నుంచి అందులో తెలుగు పేరు తెలుగు లిపిలోనే, తమిళ పేరు తమిళ లిపిలోనే రాసి దాచుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ 2000 సంవత్సరంలో వచ్చింది. అది కూడా ఎల్‌డాప్ మాట్లాడుతుంది. విండోస్ ప్రోగ్రాములకి ఏడీఎస్ఐ అనే బండి ఉంది. జావాకి జేఎన్‌డీఐ అనే బండి ఉంది. రెండూ పోయేది ఎల్‌డాప్ రోడ్డు మీదే.

ఎల్‌డాప్‌ని అడిగే పద్ధతి మనం ఊరికి పోయి మనిషిని వెతికినట్టే ఉంటుంది. మా తాలూకాకి వచ్చి మునిరాజు ఎక్కడ అని అడిగితే ఎంతమంది వస్తారో చెప్పలేం. ఫలానా ఊరు, ఫలానా వీధి, ఫలానా ఇంటి మునిరాజు అని అడగాలి. ఎల్‌డాప్‌లో కూడా ఎక్కడి నుంచి వెతకాలో ముందు చెబుతాం. ఏ గుర్తుతో వెతకాలో తర్వాత చెబుతాం. చోటు ఎంత చిన్నదైతే జవాబు అంత తొందరగా వస్తుంది.

ఏ గుర్తుతో వెతకాలి అన్నది మా పక్క పెద్ద ప్రశ్న. ఆంధ్రలో మనిషికి ఇంటిపేరు ఉంటుంది. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్లం తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం ముందు పెట్టుకుంటాం. కాగితాల మీద ఇంటిపేరు రాయం. కానీ ఎల్‌డాప్‌లో మనిషిని నమోదు చేసే మూల పట్టికలో రెండు గడులు తప్పనిసరి. ఒకటి పేరు. రెండోది ఇంటిపేరు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ఓపెన్ ఎల్‌డాప్ లాంటి సర్వర్లు ఆ నమోదు తీసుకోవు. యాక్టివ్ డైరెక్టరీ అంత పట్టుపట్టదు. మరి ఇంటిపేరు రాయని మనిషికి ఆ గడిలో ఏం రాయాలి? ఒక గుమాస్తా ఇనిషియల్ రాస్తాడు. ఇంకొకడు మనిషి పేరే రెండోసారి రాస్తాడు. మూడోవాడు తండ్రి పేరు మొత్తం రాస్తాడు. కొంతమంది ఆడవాళ్లకి పెళ్లి తర్వాత ఇనిషియల్ తండ్రిది పోయి భర్తది వస్తుంది. జీతాల ప్రోగ్రాంలో పాత ఇనిషియల్. డైరెక్టరీలో కొత్తది. రెండు ప్రోగ్రాములూ ఒకే మనిషిని ఇద్దరనుకుంటాయి.

ఎల్‌డాప్ నియమాలు రాసినవాళ్లకి మన పేర్ల తీరు తెలియదు. దానికి వాళ్లని తిట్టి లాభం లేదు. ఆ గడిలో ఏం రాయాలో మీ యూనిట్‌లో ఒక నియమం పెట్టుకోండి. ఏ నియమమైనా పరవాలేదు, అందరికీ ఒకటే ఉండాలి. ఇంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ప్రోగ్రాం చేత మనిషిని పేరుతో వెతికించొద్దు. మెయిల్ అడ్రసుతోనూ వద్దు, అది కూడా మారుతుంది. ఉద్యోగి నంబరుతో వెతికించండి. ఒకసారి ఇచ్చిన నంబరు ఇంకొకరికి ఇవ్వకండి. మా ఊరికి 635107 ఎట్లాగో మనిషికి ఆ నంబరు అట్లా. పేరు డి తో రాసినా టి తో రాసినా ఉత్తరం చేరాలి కదా.

డైరెక్టరీతో మాట్లాడేటప్పుడు జారిపడే చోట్లు రెండున్నాయి. రెండూ నేను చూసినవే.

మొదటిది వెయ్యి దగ్గర వస్తుంది. యాక్టివ్ డైరెక్టరీ ఒక్కసారి అడిగితే మామూలుగా 1000 మంది వివరాలు మాత్రమే ఇస్తుంది. మీ కంపెనీలో 900 మంది ఉన్నంతకాలం అంతా బాగుంటుంది. 1001వ మనిషి చేరిన రోజు నుంచి ఎవరో ఒకరు జాబితాలో కనబడరు. ప్రోగ్రాం పాడైపోయినట్టు కూడా తెలియదు. బండిలో పట్టినంతే తెచ్చింది, మిగిలింది కళ్లంలో ఉండిపోయింది. మళ్లీ బండి కట్టాలి. విడతలు విడతలుగా అడిగే పద్ధతి ఎల్‌డాప్‌లో 1999 నుంచి ఉంది. మీ బండికి అది వచ్చా రాదా అని ఎంచుకునేటప్పుడే అడగండి.

రెండోది ఖాళీ పాస్‌వర్డ్. చాలా ప్రోగ్రాములు లాగిన్ కోసం డైరెక్టరీని అడుగుతాయి. ఈ పేరు, ఈ పాస్‌వర్డ్ సరిపోయాయా అని. పాస్‌వర్డ్ గడి ఖాళీగా ఉంటే కొన్ని సర్వర్లు సరే అంటాయి. ఆ సరేకి అర్థం వేరు. ముక్కూ మొహం తెలియని మనిషి వస్తే మనం అరుగు మీద కూర్చోమంటాం. లోపలికి రమ్మన్నట్టు కాదు. సర్వర్ కూడా పేరు తేలని మనిషిగా అరుగు మీద కూర్చోబెట్టింది, అంతే. మీ ప్రోగ్రాం ఆ సరే విని ఇంటి మనిషే అనుకుని బీరువా తెరిచేస్తుంది. కాబట్టి పాస్‌వర్డ్ ఖాళీగా ఉంటే డైరెక్టరీ దాకా పోనే వద్దు. మీ గుమ్మంలోనే ఆపేయండి.

ఇంకొక మాట. మామూలు ఎల్‌డాప్‌లో పాస్‌వర్డ్ పోస్టు కార్డు మీద రాసినట్టు పోతుంది. దారిలో ఎవరైనా చదవొచ్చు. కవరులో పెట్టి అంటించి పంపే పద్ధతి ఉంది, దాన్ని టీఎల్ఎస్ అంటారు. మెయిల్‌కైనా డైరెక్టరీకైనా కవరు లేకుండా పాస్‌వర్డ్ పంపొద్దు. జాబితా చదివే ప్రోగ్రాంకి చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. రాసే అనుమతి ఇవ్వకండి.

ఇంతవరకు పని గురించి, దారి గురించి చెప్పాను. దారి మారినప్పుడు ఏం చేయాలి? దారులు మారతాయి. పట్టాలు ముందు మారతాయి, రోడ్లు నెమ్మదిగా మారతాయి. ఎప్పుడో ఒకప్పుడు యజమాని మెయిల్ సర్వర్‌నే మార్చేస్తాడు.

రాయకోట టమాటా మండీ చూసినవాళ్లకి అప్పుడేం చేయాలో తొందరగా అర్థమవుతుంది. రైతు తన పెట్టెలు తెచ్చి గుమాస్తా ముందు దింపుతాడు. గుమాస్తా బెంగళూరు వ్యాపారితో కన్నడంలో మాట్లాడతాడు. సేలం వ్యాపారితో తమిళంలో మాట్లాడతాడు. మదనపల్లె నుంచి వచ్చినాయనతో తెలుగులో మాట్లాడతాడు. రైతుకి ఆ బాధ లేదు. ఈ రోజు కొనేది ఎవరైనా, రైతు మాట్లాడేది గుమాస్తాతోనే.

మీ ప్రోగ్రాంలో కూడా అలాంటి గుమాస్తాని ఒకణ్ణి పెట్టండి. జీతాల ప్రోగ్రాం, స్టాకు ప్రోగ్రాం, చలాను ప్రోగ్రాం అన్నీ ఆ గుమాస్తానే అడగాలి. "ఈ మెయిల్ పంపు." "ఈ నంబరు మనిషి ఎవరో చెప్పు." "ఈయన ఇంకా ఉద్యోగంలో ఉన్నాడా?" అంతే. అవతల ఎస్ఎంటీపీ ఉందా, గ్రాఫ్ ఉందా, ఎల్‌డాప్ ఉందా అన్నది గుమాస్తాకి ఒక్కడికే తెలియాలి. ప్రోగ్రాం అంతటా నలభై చోట్ల సర్వర్ పేరు, తలుపు నంబరు రాసిపెట్టుకోవద్దు. అవన్నీ ఒక్క చోట పెట్టండి. మళ్లీ చెబుతాను, ఒక్క చోట.

చిన్న యూనిట్ నడిపేవాళ్లు నా మాట వింటూ ఉంటే మీకొక విన్నపం. ప్రోగ్రాం రాసే కుర్రవాణ్ణి మూడు ప్రశ్నలు అడగండి. మా మెయిల్‌తో నువ్వు చేసే పని పంపడమా, చదవడమా, క్యాలెండరా? మేం సర్వర్ మారిస్తే నువ్వు ఎన్ని చోట్ల మార్చాలి? మనిషిని దేనితో గుర్తుపడుతున్నావు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెబితే పని ఇవ్వండి. తడుముకుంటే ఒక వారం గడువివ్వండి. మన పిల్లలు తెలివైనవాళ్లే. అడిగేవాళ్లు లేక ఆలోచించరు.

నేను మొదట చెప్పిన ఆ యూనిట్‌లో, తర్వాత రెండేళ్లకి మెయిల్ సర్వర్ మార్చారు. ఆఫీసు గదిలో ఉన్నది తీసేసి క్లౌడ్‌కి పోయారు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పోయి కూర్చున్నాను. అప్పటికి గుమాస్తా ఫైలు ఒకటి ఉంది. అందులో సర్వర్ పేరు మార్చాను. పాస్‌వర్డ్ తీసేసి పాసు పద్ధతి పెట్టాను. వరసలో ఆగిన మెయిళ్లు మూడు ఉంటే అవి తలుపు తట్టి వెళ్లిపోయాయి. మూడింటికీ 2తో మొదలయ్యే జవాబే వచ్చింది. చీకటి పడకముందే డెంకణికోట బస్సు ఎక్కాను. ఆ రాత్రి సరుకు ఎక్కిందని, తెల్లవారి లారీని గేటు దగ్గర ఆపకుండా వదిలారని మర్నాడు డ్రైవరు చెప్పాడు.